పాత కిలో

గుణుపురంలో, జెరాక్సు దుకాణం షట్టరు సగం దించి
రాత్రిళ్లు ఒక నవల రాస్తున్నాను.
అందులో నడిచేది రెండువేల తొంభై ఒకటి.
ఊరు ఇదే. వంశధార ఇదే, కాస్త సన్నబడింది.
సర్కారుకి మాత్రం రెండు రాళ్లు:
కొండవాళ్ల దగ్గర చింతపండు కొనే రాయి ఏటా లావెక్కుతుంది,
వాళ్లకే బియ్యం అమ్మే రాయి ఏటా చిక్కిపోతుంది.
రెండింటి మీదా ఒకే మాట చెక్కి ఉంటుంది: కిలో.
బడిలో పిల్లలు వల్లె వేస్తారు,
కిలో అంటే కిలో, కిలో అంటే కిలో.

ఆ కాలంలో దాలమ్మను పుట్టించాను.

బరంపురం నుంచి అచ్చేసే మిత్రుడు ఫోను చేసి,
తిరగబడే మనిషంటే నిప్పులా ఉండాలయ్యా,
భయం ఉండకూడదు, అంటాడు.
దాలమ్మకు ఉరుమంటే భయం.
ఖాకీ కనబడితే నాలుక అట్టకడుతుంది,
కొంగు చివర ముడి వేస్తుంది, విప్పుతుంది, మళ్లీ వేస్తుంది.
కుళాయి దగ్గర బిందె వరస కోసం
పక్కింటామెను వారం రోజులు తిట్టగలదు.
నినాదం ఒక్కటీ రాదు. పాట అసలే రాదు.
చావు ఇంట్లో నవ్వొస్తుంది, ఆపుకోలేదు,
ఆ నవ్వుకి తర్వాత నెలరోజులు సిగ్గుపడుతుంది.

మరి ఏముంది ఆమెలో?
ఒక అరచెయ్యి ఉంది.
ఏడేళ్ల వయసులో సంతలో అయ్య పక్కన కూర్చుని
అల్లం, పసుపు, అడ్డాకుల కట్టలు
ఎత్తి దించి, ఎత్తి దించి నేర్చుకున్న చెయ్యి.
దానికి అబద్ధం చెప్పడం చేతకాదు.
చెప్పాలని ఆమెకు ఉంటుంది, చాలాసార్లు ఉంటుంది,
చెయ్యి వినదు.

అందుకే ఆ రోజు డిపో దగ్గర
బియ్యం సంచి ఎత్తి, ఎవరితోనూ కాదు,
తనలో తనే గొణుక్కుంది: "తక్కువుంది."
వెనక వరసలో ఎవరో విన్నారు.
విన్నవాడు తన సంచి ఎత్తి చూసుకున్నాడు.
నవల మొత్తంలో విప్లవం అంటే అంతే,
నూట పద్నాలుగో పేజీ.

విచారణ గదిలో ఒక యంత్రం పెట్టాను.
"ఇది కిలోయేనా?" అని అడుగుతుంది.
ఆమె ఒకసారి తెలుగులో కాదంది,
ఒకసారి ఒడియాలో కాదంది,
మూడోసారి సవరలో.
యంత్రానికి ఒక్క భాషే నేర్పారు. అది అడుగుతూనే ఉంది.
కాళ్లు వణుకుతుంటే ఆమె బల్ల అంచు పట్టుకుంది.
ఆ వణుకు నేను కొట్టేయలేదు.
మిత్రుడు కొట్టేయమన్నాడు.

ముగింపు దగ్గర ఆగిపోయాను.
ఒక చిత్తులో వంతెన మీద ఆమెను కాల్చారు.
ఇంకోదాంట్లో ఊరంతా రాళ్లు మోసుకెళ్లి నదిలో పారేసింది,
చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.
చెమర్చినందుకే అనుమానం వచ్చింది.

సంత రోజున చిత్తు కాగితాలన్నీ కట్టగట్టి
బొమ్మాళి తవిటమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.
పొట్లాలకు కొంటుంది, పాత పేపర్ల ధరకే.
ఆమె త్రాసు తీయలేదు.
కట్టను అరచేతిలో పెట్టుకుని
ఒకసారి పైకి, ఒకసారి కిందకి.
దుకాణాల పందిరి మీద ఎండ జారుతోంది,
ఎక్కడో మేక అరుస్తోంది,
నేను పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాను.

"కిలో నేదు బావూ," అంది.
నా ముఖం చూసి, కట్ట మళ్లీ ఎత్తింది,
ఈసారి ఇంకాస్త సేపు.
"ఎక్కడో నువ్వే ఏలెట్టినావు."

డబ్బులు తీసుకోలేదు. కట్ట వెనక్కి తెచ్చుకున్నాను.
ఈ రాత్రి షట్టరు దించి
వంతెన కాగితం చించేశాను, నది కాగితం చించేశాను.
దాలమ్మ ఇప్పుడు డిపో ముందు వరసలో ఉంది.
సంచి ఇంకా ఎత్తలేదు.
కొంగు ముడి విప్పుతోంది.